బూజుకు బుద్ధి, కోతికి మత్తు: తెలుగు సైన్స్ చానళ్లవారికి బహిరంగ లేఖ

తెలుగులో సైన్స్ వీడియోలు చేస్తున్నవారికి, పత్రికల్లో సైన్స్ పేజీలు చూసే సంపాదకులకు నమస్కారం.

మేం కాలేజీల్లో శిలీంధ్రశాస్త్రం చెప్పేవాళ్లం, ముత్యపు చిప్ప, పాల పుట్టగొడుగులకు స్పాన్ (పుట్టగొడుగుల విత్తనం) తయారుచేసేవాళ్లం. పుట్టగొడుగంటే కూర తప్ప ఇంకేమీ గుర్తురాని రోజులు పోయి, దాని మీద ఇరవై నిమిషాల వీడియోని జనం చివరిదాకా చూస్తున్నారంటే అది మీ చలవే. అందుకే ఈ ఉత్తరం మీకు. మీ వీడియోల్లో, వ్యాసాల్లో రెండు మాటలు జోడీగా తిరుగుతున్నాయి. శిలీంధ్రాలకు తెలివి ఉంది, అవి మాట్లాడుకుంటాయి అన్నది ఒకటి. మత్తు పుట్టగొడుగులు తిన్న కోతులే మనుషులయ్యాయి అన్నది రెండోది. మొదటిదాంట్లో కొంత నిజం ఉంది గానీ, మీరు చూపిస్తున్న చోట లేదు. రెండోదానికి ఎలాంటి సాక్ష్యం కావాలో స్పష్టంగా చెప్పొచ్చు. అలాంటి సాక్ష్యం వేరే శిలీంధ్రం విషయంలో దొరికింది కూడా. దాని మీద వీడియోలు మాత్రం మా కంటపడలేదు.

ముందు మేజ్ (చిక్కుదారుల పజిల్) సంగతి. పసుపుపచ్చగా, జిగురుగా ఉండే జీవి ఒకటి చిక్కుదారుల్లో పాకి, రెండు చివర్లలో పెట్టిన ఆహారాన్ని దగ్గరి దారిలో కలుపుతుంది. కింద ‘పజిల్ విప్పిన ఫంగస్’ అని రాస్తారు. అది ఫంగస్ కాదు. దాని పేరు ఫైసారమ్ పాలిసెఫాలమ్, స్లైమ్ మోల్డ్. ఒకప్పుడు వృక్షశాస్త్రం పుస్తకాల్లో దీన్ని శిలీంధ్రాల అధ్యాయంలోనే చెప్పేవారు కాబట్టి పొరపాటు ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థమవుతూనే ఉంది. ఇప్పుడు దాన్ని అమీబాల వర్గంలో చేర్చారు. వంశవృక్షం ప్రకారం చూస్తే పుట్టగొడుగుకు స్లైమ్ మోల్డ్ కన్నా మనిషే దగ్గరి చుట్టం.

ఆ ప్రయోగం జపాన్‌లో తొషియుకి నకగాకి బృందం చేసింది. 2000లో నేచర్ పత్రికలో వచ్చింది. వీడియోల్లో ఎగిరిపోతున్న మెట్టు ఒకటుంది. ఆ జీవి ఒక ద్వారంలో బయల్దేరి, దారి వెతుక్కుంటూ రెండో ద్వారానికి చేరలేదు. దాని ముక్కల్ని మేజ్ అంతటా ముందే పెట్టారు. అవి పెరిగి, ఒకదాంతో ఒకటి కలిసిపోయి, దారులన్నీ నింపేశాయి. ఆ తర్వాతే రెండు చివర్లలో ఓట్స్ పొడి కలిపిన అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) దిమ్మెలు పెట్టారు. సుమారు నాలుగు గంటల్లో అది మూసుకుపోయిన దారుల్లోంచి ఒళ్లు వెనక్కి లాక్కుంది. ఇంకో నాలుగు గంటలకు ఒక లావుపాటి నాళం మిగిలింది. మేజ్‌లో ఒకచోట పొడవులో దాదాపు 2 శాతమే తేడా ఉన్న రెండు దారులున్నాయి, అక్కడ మాత్రం ఒకసారి ఇటు, ఒకసారి అటు. లోపల జరుగుతున్నది ఇది: ద్రవం జోరుగా పారే నాళం లావెక్కుతుంది, తక్కువ పారేది సన్నబడి కరిగిపోతుంది. పొట్టి దారిలో పారకం ఎక్కువ కాబట్టి అది నిలుస్తుంది. మెదడు, నరం ఏదీ లేకుండా ఇంత పని జరగడమే అసలు వింత. దానికి బుద్ధి తగిలిస్తే ఆ వింత కాస్తా తగ్గిపోతుంది.

2010లో సైన్స్ పత్రికలో వచ్చిన టోక్యో రైలు మార్గాల ప్రయోగమూ ఈ జీవితోనే. టోక్యో చుట్టుపక్కల ఊళ్ల స్థానాల్లో 36 చోట్ల ఓట్స్ పెట్టారు. కొండలు, సముద్రం ఉన్న చోట వెలుతురు వేశారు, వెలుతురంటే దానికి గిట్టదు కనక. ఒక్క రోజు పైచిలుకులో అది అల్లిన వల ఖర్చులోనూ, ఒక దారి తెగినా పని నడవడంలోనూ అసలు రైలు మార్గాలకు తీసిపోలేదు.

దీన్ని మీరే తీయాలనుకుంటే పెద్ద ఖర్చేమీ లేదు. అర లీటరు నీళ్లలో 10 గ్రాముల అగర్ పూర్తిగా కరిగేదాకా మరిగించి, 90 మిల్లీమీటర్ల పెట్రి ప్లేట్లలో ఒక్కోదాంట్లో 20 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి బొట్లు కారతాయి, చల్లారాకే పెట్టాలి. మేజ్ గోడలకు పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కత్తిరించి అగర్ మీద పరిస్తే చాలు, పొడి ప్లాస్టిక్ మీదికి అది సులువుగా ఎక్కదు. ఓట్స్ సాదావి వాడండి. మసాలా ఓట్స్ వద్దు, ఉప్పు తగిలితే దూరం జరుగుతుంది. గది వేడి 22 నుంచి 25 డిగ్రీలుండాలి. మన ఎండాకాలంలో మామూలు గదిలో పెడితే అగర్ ఎండిపోయి, జీవి గట్టి పెచ్చులా ముడుచుకుపోతుంది. షూటింగ్ లైటు ఆపకుండా వేసి ఉంచితే ఒక మూలకు పోయి దాక్కుంటుంది. చీకటిపెట్టెలో ఉంచి, రెండు నిమిషాలకో ఫొటో చొప్పున, ఫొటో తీసే క్షణానికే లైటు వెలిగేలా పెట్టుకోండి. రెండో మూడో రోజున ఓట్స్ మీద నల్లగానో పచ్చగానో బూజు లేస్తుంది. అది ఓట్స్ వెంట వచ్చినదే. ముందుకు పాకుతున్న అంచు దగ్గర గోరంత ముక్క కోసి కొత్త ప్లేటులోకి మార్చేయాలి. అప్పుడు పెట్టే శీర్షికలో ‘ఫంగస్’ అన్న మాట రాకుండా చూసుకోండి.

ఇక ‘యాభై మాటల భాష’, అంటే శిలీంధ్రాలు యాభై దాకా మాటలతో మాట్లాడుకుంటాయన్న కథ. బ్రిస్టల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ద వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్‌లో పనిచేసే ఆండ్రూ అడమాట్జ్‌కీ 2022లో ప్రచురించిన పేపరు దీనికి మూలం. ఎనోకి, చీకట్లో వెలిగే ఘోస్ట్ ఫంగస్, షైజోఫిల్లమ్ కమ్యూన్, కార్డిసెప్స్ మిలిటారిస్ అనే నాలుగు శిలీంధ్రాలు తీసుకున్నారు. వాటి పోగులు అల్లుకున్న పదార్థంలో సూదుల్లాంటి ఎలక్ట్రోడ్లు జంటలుగా గుచ్చి, మధ్య వోల్టేజి ఎలా మారుతోందో రోజుల తరబడి రాసుకున్నారు. అప్పుడప్పుడు గ్రాఫు లేచి పడుతుంది. ఆ లేచిపడేదాన్ని స్పైక్ అన్నారు. దాని ఎత్తు 0.03 నుంచి 2.1 మిల్లీవోల్టులు. నిడివి 1 గంట నుంచి 21 గంటలు. 21 గంటలన్న అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఒక్క ‘అక్షరం’ పలకడానికి దాదాపు ఒక రోజు.

ఆ అక్షరాలు మాటలెలా అయ్యాయో కూడా చూడాలి. స్పైకుల మధ్య సగటు విరామం లెక్కగట్టారు. దానికన్నా దగ్గర దగ్గరగా వచ్చినవన్నీ ఒక గుంపు. గుంపులో ఎన్ని స్పైకులుంటే ఆ మాట అంత పొడవు. రేకుల కప్పు మీద పడే చినుకుల్ని ఇదే పద్ధతిలో విడగొట్టినా మాటలొస్తాయి. గీతను సగటు దగ్గర కాకుండా దానికి రెండింతల దగ్గర గీస్తే అవే స్పైకులు ఇంకా పొడవాటి మాటలవుతాయి. ఆ పేపరులోనే రెండు రకాలుగానూ గీసి చూపించారు. అయితే ఈ మాట ఎవరు పంపారు, ఎవరికి అందింది, అందాక వాళ్లేం చేశారు అన్న మూడు ప్రశ్నలకు అందులో చోటే లేదు, ఆ మూడూ లేకుండా భాష అనడానికి లేదు. 2024లో మైకేల్ బ్లాట్, భాషాశాస్త్రవేత్త జెఫ్రీ పుల్లమ్, మరికొందరు కలిసి దీనికి గట్టి జవాబే రాశారు. భాష సంగతి అటుంచి, ఆ స్పైకులు శిలీంధ్రంలోంచే వచ్చాయని ముందు తేల్చమన్నారు.

మరి శిలీంధ్రాల్లో కరెంటే లేదా అంటే ఉంది, అదీ గట్టి ఆధారాలతో. న్యూరోస్పోరా అనే బూజుపోగులోకి సన్నటి గాజు ఎలక్ట్రోడ్ దింపితే లోపలికీ బయటికీ మధ్య సుమారు 200 మిల్లీవోల్టుల తేడా కనిపిస్తుంది. నరాల్లోలాగా అది ఒక్కసారి పడిపోయి మళ్లీ లేవడాన్ని క్లిఫర్డ్ స్లేమాన్ బృందం 1976లోనే ప్రచురించింది. 1995లో స్వీడన్ పరిశోధకులు ముత్యపు చిప్ప, ఆర్మిలేరియా అనే శిలీంధ్రాల పోగుల్లో చెక్కముక్క తగిలినప్పుడు స్పందనల జోరు మారడం చూశారు. పోగు లోపల కొలవడం వేరు, తడి రంపపుపొట్టులో రెండు సూదులు గుచ్చి కొలవడం వేరు. తేడా మీ ప్రేక్షకులకు చెప్పాల్సింది ఇక్కడే.

‘పుట్టగొడుగు పాట వినండి’ అని వీడియోలు చేస్తున్నవారికి ప్రత్యేకంగా ఓ మాట. తడి పదార్థంలో రెండు లోహపు సూదులు గుచ్చారంటే అదే ఓ చిన్న బ్యాటరీ. రెండు సూదుల మీద తడి, పులుపు కాస్త తేడాగా ఉన్నా మిల్లీవోల్టులు వాటంతటవే కదులుతాయి. గదిలో ఏసీ ఆగి మొదలైనప్పుడల్లా వేడి మారి గ్రాఫు అలలు అలలుగా లేస్తుంది. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ రొద సరేసరి. అందుకే కనీసం మూడు బెడ్లు పక్కపక్కన పెట్టి ఒకేసారి కొలవాలి: బతికున్న మైసీలియం (శిలీంధ్రపు పోగుల అల్లిక) ఉన్నది ఒకటి, అదే మైసీలియాన్ని కుక్కర్లో 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర గంట ఉడికించి చంపింది ఒకటి, అసలు స్పాన్ వేయని ఉత్త తడి పొట్టు ఒకటి. సూదులు ఒకే రకం, ఒకే లోతు, ఒకే దూరం. పక్కనే థర్మామీటరు పెట్టి దాని రీడింగులు కూడా అదే ఫైల్లో రాయించండి. చచ్చిన బెడ్డు కూడా పాట పాడిందంటే ఆ పాట సూదులదే.

ఇంతా చెప్పాక, శిలీంధ్రాలు నిజంగా చేసేదేమిటో చెప్పకపోతే అన్యాయం. ఫానెరోకీట్ వెలుటినా అని చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రం ఉంది. జపాన్ తొహొకు యూనివర్సిటీలో యు ఫుకసావా, కార్డిఫ్‌లో లిన్ బాడీ దీని మీద చేసిన పని 2020లో వచ్చింది. మైసీలియం నిండిన చిన్న చెక్కముక్కను మట్టి పళ్లెంలో పెట్టి, కాస్త దూరంలో కొత్త చెక్కను ఎరగా పెట్టారు. పోగులు మట్టి మీద పాకి ఎరను పట్టుకున్నాయి. ఎర చిన్నదైతే పాత చెక్కనీ వదలవు. బాగా పెద్దదైతే పాతదాన్ని ఖాళీ చేసి కొత్తదాంట్లోకి పూర్తిగా మారిపోతాయి. ఆ తర్వాత పాత చెక్కను తీసి, ఎరలేని కొత్త పళ్లెంలో పెట్టారు. పోగులు మళ్లీ మొలిచినప్పుడు, ఇదివరకు ఎర ఉన్న వైపే ఎక్కువగా మొలిచాయి. 2024లో ఫుకసావా బృందం తొమ్మిది చెక్కముక్కల్ని ఒకచోట వలయంగా, ఇంకోచోట శిలువ ఆకారంలో పేర్చి 116 రోజులు చూసింది. వలయంలో అన్ని ముక్కలకూ సమానంగా వల అల్లింది, నడిమధ్య ఖాళీని ఖాళీగానే వదిలేసింది. శిలువలో మాత్రం నాలుగు కొసల దగ్గరున్న ముక్కలకు దారులు ఎక్కువ వేసింది.

దీన్ని జ్ఞాపకం అనొచ్చా? ఎర వైపు చెక్కలో పోగులు ముందే దట్టంగా ఉండటంవల్ల మళ్లీ అటే మొలిచి ఉండొచ్చు. అలాగైనా, జరిగినదాని గుర్తు ఒంట్లో మిగిలి తర్వాతి పనిని మార్చింది కదా. మా మటుకు మేం దీన్ని జ్ఞాపకమని ఒప్పుకుంటాం. మనసు, ఎరుక అన్న మాటలు మాత్రం వాడం. అమెరికాలో నికొలస్ మనీ వంటి పేరున్న శిలీంధ్ర శాస్త్రవేత్త 2021లో పోగుకు కూడా ఒక రకం చైతన్యం ఉందనే వాదించారు. ఆయన మాట పెట్టండి, తప్పులేదు. అది ఒకరి వాదన అని చెప్పి పెట్టండి.

ఈ ప్రయోగాన్ని ముత్యపు చిప్పతో మన దగ్గరే చేయొచ్చు. మామిడి చెక్కను సెంటీమీటరు ఘనాలుగా కోసి, రాత్రంతా నానబెట్టి, కుక్కర్లో గంట సేపు ఉడికించండి. 200 గ్రాముల బంగాళదుంపల కషాయం, 20 గ్రాముల డెక్స్‌ట్రోజ్, 20 గ్రాముల అగర్, మొత్తం లీటరు. ఈ మీడియం మీద పెరిగిన మైసీలియంపై ఆ ఘనాల్ని మూడు నాలుగు వారాలు ఉంచితే పోగులు పట్టేస్తాయి. పళ్లేనికి మట్టి బదులు ఉడికించిన వర్మిక్యులైట్ (తడి పట్టి ఉంచే తేలికపాటి ఖనిజం) వాడటం మేలు. మామూలు మట్టిలో ముత్యపు చిప్పను ట్రైకోడెర్మా అనే బూజు ఆకుపచ్చగా కమ్మేస్తుంది. పిడికిట బిగిస్తే ఒకటి రెండు బొట్లు రాలేంత తడి చాలు. ఎక్కువమంది బోల్తాపడే చోటు ఇంకొకటుంది. ఫ్యాన్ గాలి తగిలే వైపు ఎండిపోయి పోగులు అటు పెరగవు. దాన్ని చూసి ‘నిర్ణయం తీసుకుంది’ అనుకుంటారు. పది పళ్లేలైనా పెట్టి, ఎరల్ని వేర్వేరు దిక్కుల్లో ఉంచి, రోజూ పళ్లేల్ని పావు చుట్టు తిప్పుతూ ఉంటే ఆ గొడవ పోతుంది.

జాంబీ చీమ వీడియోలకు ఒక్క సవరణ చాలు. ఆఫియోకార్డిసెప్స్ అనే శిలీంధ్రం చీమ మెదడులో దూరి నడిపిస్తుందని చెబుతున్నారు. 2017లో వచ్చిన మైక్రోస్కోపు పరిశీలనలో శిలీంధ్రం ఒళ్లంతా, దవడ కండరాల చుట్టూ వలలా అల్లుకుని కనిపించింది, మెదడులో మాత్రం లేదు. నిజమే ఎక్కువ భయపెట్టేలా ఉంది, మీకు వ్యూస్ కూడా తగ్గవు. శిలీంధ్రపు పోగులు చెట్ల వేళ్లను కలుపుతాయనే అడవి చెట్ల ‘ఇంటర్నెట్’ విషయంలో, 1997లో సుజాన్ సిమార్డ్ బృందం బర్చ్, డగ్లస్ ఫర్ చెట్ల మధ్య కార్బన్ కదలడం చూపించింది. తల్లి చెట్టు బిడ్డల్ని గుర్తుపట్టి పాలు పట్టినట్టు పోషిస్తుందన్న దాకా కథ పెరిగింది తర్వాతే. ఆ 1997 పేపరు రాసినవాళ్లలో ఒకరైన మెలనీ జోన్స్, మరో ఇద్దరితో కలిసి 2023లో ఆ పెరిగిన భాగానికి అడవిలో ఆధారాల్లేవని రాశారు. మీరు చేసే వీడియోలో ఆ రెండో పేపరు కూడా ఉండాలి.

ఇప్పుడు కోతి కథకు వద్దాం. అమెరికన్ రచయిత టెరెన్స్ మెకెన్నా 1992లో దీన్ని పుస్తకంగా తెచ్చారు. ఆఫ్రికాలో అడవులు పలచబడి గడ్డిమైదానాలయ్యాయి, మన పూర్వీకులు పశువుల మందల వెంట నడిచారు, పేడ మీద మొలిచిన సైలోసైబ్ క్యూబెన్సిస్ అనే మత్తు పుట్టగొడుగులు తిన్నారు. కొంచెం తింటే చూపు పదునెక్కి వేట కుదిరింది, ఇంకొంచెం తింటే కామం పెరిగి సంతానం పెరిగింది, బాగా తింటే భాష, మతం పుట్టాయి. ఇదీ ఆయన వరస.

చూపు పదునుకు ఆయన చూపిన ఆధారం రోలాండ్ ఫిషర్ ప్రయోగాలు. 1970లో వచ్చిన ఆ పేపరు కొలిచింది వేటగాడి చూపును కాదు. సైలోసైబిన్ (ఆ పుట్టగొడుగుల్లోని మత్తు పదార్థం) తీసుకున్నవారికి కళ్లముందున్న స్థలం కుంచించుకున్నట్టు కనిపించడాన్ని కొలిచారు. లోకం వంకరగా కనిపించడం వేటగాడికి వరమని అందులో ఎక్కడా లేదు.

అసలు చిక్కు వారసత్వంలో ఉంది. నేను తిన్న మందు నా మెదడులో ఏం చేసినా, అది నా బిడ్డకు పుట్టుకతో రాదు. ఇప్పుడు చాలామంది 2021లో యేల్ యూనివర్సిటీ ఎలుకల మీద చేసిన ప్రయోగం చూపిస్తున్నారు. ఒక్క మోతాదు సైలోసైబిన్‌తో ఎలుకల మెదడు ముందుభాగంలో నరాల మొలకలు సుమారు 10 శాతం పెరిగి, నెల తర్వాత కూడా నిలిచాయి. మంచి పరిశోధనే. కుంగుబాటు చికిత్సకు అది ముఖ్యం కూడా. ఆ ఎలుకల పిల్లలకు మాత్రం ఆ మొలకలు రావు. పరిణామం జరగాలంటే తిన్నవాళ్లలో ఫలానా జన్యువు ఉన్నవారికి, లేనివారికన్నా ఎక్కువ పిల్లలు బతకాలి, అది వందల తరాలు సాగాలి, ఆ జన్యువు ఈరోజు మన డీఎన్ఏలో కనబడాలి. పైగా సైలోసైబిన్‌కు ఒళ్లు చాలా త్వరగా అలవాటుపడుతుంది. వరసగా నాలుగైదు రోజులు తింటే ప్రభావం దాదాపు పోతుంది. రోజువారీ తిండిగా తిని మెదళ్లు పెంచుకున్నారన్న మాట అక్కడే తేలిపోతుంది.

కాలం లెక్క కూడా కలవదు. మన పూర్వీకుల పుర్రెలు సుమారు 450 ఘనపు సెంటీమీటర్ల నుంచి 1350 దాకా ఇరవై లక్షల ఏళ్లకు పైగా మెల్లమెల్లగా పెరిగాయి. మత్తు పుట్టగొడుగుల ఆనవాలుగా చూపే అల్జీరియాలోని తస్సిలి గుహచిత్రాలు కొన్ని వేల ఏళ్ల నాటివే. ఆ బొమ్మల్లో ఉన్నవి పుట్టగొడుగులా, బాణాలా అన్నదాని మీదే తగువుంది. స్పెయిన్‌లో ఎల్ మిరోన్ గుహలో 18 వేల ఏళ్ల పైబడిన స్త్రీ పళ్లగారలో పుట్టగొడుగు బీజాలు దొరికాయి. ఎల్ సిడ్రోన్ గుహ నియాండర్తల్ పళ్లగారలో షైజోఫిల్లమ్ డీఎన్ఏ దొరికింది. తినేవారన్నంత వరకు సరే. మత్తు రకం ఆనవాలు మాత్రం ఈ రెండింటిలోనూ లేదు.

మెకెన్నా పక్షాన చెప్పాల్సింది కూడా చెబుతాం. ఆఫ్రికాలో అసలు ఆ పుట్టగొడుగే ఉండేది కాదన్న పాత ఆక్షేపణ బలహీనపడింది. క్యూబెన్సిస్‌కు తోబుట్టువు వంటి జాతిని ఈమధ్యే దక్షిణాఫ్రికా, జింబాబ్వేల నుంచి వర్ణించారు. ఆ రెండూ సుమారు 15 లక్షల ఏళ్ల కిందట విడిపోయాయని అంచనా. అంటే అందుబాటు ఉండి ఉండొచ్చు. 2021లో హోసె రోద్రిగెస్ ఆర్సె, మైకేల్ వింకెల్‌మన్ రాసిన వాదన ఇంకాస్త జాగ్రత్తగా ఉంటుంది. మెదడు పెరగడం గురించి కాక, గుంపులో కలిసిమెలిసి ఉండటానికి, ఆచారాలకు ఇవి తోడ్పడి ఉండొచ్చన్నారు. చర్చ పెట్టాలనుకుంటే దాన్ని పెట్టండి. ‘సైలోసైబిన్‌ను ప్రకృతి మనకోసమే చేసింది’ అన్న వాక్యాన్ని మాత్రం తీసేయండి. 2024లో వచ్చిన జన్యు విశ్లేషణ ప్రకారం సైలోసైబ్ జాతుల్లో ఈ పదార్థం పుట్టి దాదాపు 6.5 కోట్ల ఏళ్లయింది. అప్పటికి మనుషుల మాట దేవుడెరుగు, కోతులే లేవు.

మనిషిని మార్చిన శిలీంధ్రం కథ కావాలంటే అది ఈస్టు దగ్గరుంది. చెట్టు నుంచి రాలి నేల మీద పులిసిన పండులో ఈస్టు ఆల్కహాలు చేస్తుంది. మాథ్యూ క్యారిగన్ బృందం 28 క్షీరదాల నుంచి, అందులో 17 ప్రైమేట్లు (కోతులు, మనుషుల వర్గం), ఏడీహెచ్4 అనే ఎంజైము జన్యువును పోల్చి చూసింది. వాటిని బట్టి కోట్ల ఏళ్ల కిందటి పూర్వీకుల్లో ఆ ఎంజైము ఎలా ఉండేదో లెక్కగట్టి, దాన్ని ల్యాబులో మళ్లీ తయారుచేసి, ఆల్కహాలు పోసి పరీక్షించింది. మనకు, చింపాంజీకి, గొరిల్లాకు ఉమ్మడి పూర్వీకుడిలో, సుమారు కోటి ఏళ్ల కిందట, ఆ ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఆ ఒక్క మార్పుతో ఆల్కహాలును విరగ్గొట్టే శక్తి 40 రెట్లు పెరిగింది. అంతకుముందే విడిపోయి, ఎక్కువగా చెట్ల మీదే ఉండే ఒరాంగుటాన్‌కు ఆ మార్పు లేదు. పేపరు 2015లో వచ్చింది. ఫలానా జన్యువు, ఫలానా మార్పు, ఫలానా కాలం, చేతికందే కొలత. పొద్దున్నే ముంత కల్లు తాగి పొలానికి పోయే మనిషి కడుపులో ఈ కథంతా నడుస్తూనే ఉంది. సైలోసైబిన్ విషయంలో దీనికి సాటి వచ్చే ఆధారం ఒక్కటి దొరికినా ఈ ఉత్తరం వెనక్కి తీసుకుంటాం.

తెలుగు వీడియోల్లో ఇక్కడ సోమరసం వచ్చి చేరుతుంది కాబట్టి దాని గురించీ రెండు మాటలు. సోమం పుట్టగొడుగేనన్నది గోర్డన్ వాసన్ 1968లో చేసిన ప్రతిపాదన. ఆయన చెప్పింది ఎర్ర టోపీ మీద తెల్ల మచ్చలుండే అమనీటా మస్కేరియా గురించి. దాంట్లో సైలోసైబిన్ ఉండదు. మస్సిమోల్, ఐబోటెనిక్ ఆమ్లం ఉంటాయి, వాటి పని వేరు, విషలక్షణాలు వేరు. అది బర్చ్, పైన్ వంటి చెట్ల వేళ్లను పట్టుకునే బతుకుతుంది. మీ థంబ్‌నెయిళ్లలో ఆవుపేడ పక్కన ఆ ఎర్ర టోపీ బొమ్మ అతికించడం రెండు విధాలా తప్పు. ఋగ్వేదంలో సోమాన్ని రాళ్లతో దంచి, గొర్రె ఉన్నితో వడగట్టినట్టుంది. ఎఫెడ్రా వంటి మొక్కల్ని ప్రతిపాదించినవారు కూడా ఉన్నారు, విషయం తేలలేదు.

చివరిగా, ప్రాణాలతో ముడిపడ్డ సంగతి. కొన్ని వీడియోల్లో ‘మన పొలాల్లోనే దొరుకుతాయి’ అంటూ పేడ మీది పుట్టగొడుగుల్ని దగ్గరగా చూపిస్తున్నారు. సైలోసైబిన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధం. పుట్టగొడుగు బరువును ఎలా లెక్కగట్టాలన్నదాని మీద హైకోర్టుల్లో వాదనలు నడిచినంత మాత్రాన అది ‘లీగల్’ అయిపోదు. చట్టం కన్నా ముందు విషం ఉంది. తొలకరి తర్వాత పచ్చిక మీద తెల్లగా, పళ్లెమంత పెరిగే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్‌ను తింటే ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దీన్ని గుర్తుపట్టడానికి టోపీని తెల్ల కాగితం మీద బోర్లించి గ్లాసు మూసి రాత్రంతా ఉంచితే, ఆకుపచ్చటి బీజాల ముద్ర పడుతుంది. అమాటాక్సిన్లు అనే విషాలున్న రకాలు ఇంకా ప్రమాదం. తిన్న 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియదు, ఆ తర్వాత వాంతులు, విరేచనాలు, మధ్యలో ఒక రోజు తగ్గినట్టే ఉండి, మూడో నాలుగో రోజుకు కాలేయం చెడిపోతుంది. ఆలస్యంగా మొదలైన వాంతులే ఎక్కువ ప్రమాదమన్న సంగతి మీ వీడియోలో ఒక్కసారైనా చెప్పండి. ఉడికిస్తే ఆ విషం పోదు. వెండి చెంచా నల్లబడటం, వెల్లుల్లి రంగు మారడం, పురుగు పట్టి ఉండటం, ఇవేవీ పరీక్షలు కావు. ఎవరైనా తిని ఉంటే తగ్గింది కదా అని ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. మిగిలిన పుట్టగొడుగు ముక్కల్ని కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లాలి, పాలిథిన్ కవర్లో వేస్తే కుళ్లిపోయి గుర్తుపట్టడానికి పనికిరావు.

మీ పాత వీడియోలు తీసేయమని మేం అడగడం లేదు. మేజ్ వీడియో కింద ‘ఇది స్లైమ్ మోల్డ్, శిలీంధ్రం కాదు’ అని ఒక లైను పిన్ చేయండి. ‘భాష’ వీడియో కింద 2024 నాటి జవాబు సంగతి రాయండి. కొత్తవి చేసేటప్పుడు ఏ జీవి, ఏం కొలిచారు, పోల్చి చూడటానికి పక్కన ఏం పెట్టారు అన్నవి మొదటి రెండు నిమిషాల్లో వచ్చేలా చూడండి. స్క్రిప్టు పంపితే డబ్బు తీసుకోకుండా చదివి, తప్పులుంటే గీత గీసి పంపుతాం. పొలంలో పేడ మీది పుట్టగొడుగుల్ని ఎక్కడ, ఎప్పుడు ఏరాలో చెప్పే ముక్కలుంటే వాటిని మాత్రం తొలకరికి ముందే కత్తిరించండి.

ఇట్లు,
కొందరు శిలీంధ్రశాస్త్ర అధ్యాపకులు, స్పాన్ తయారీదారులు